పండితుఁడు వ్రాసిన ప్రేమకథ: ఎరిక్ సీగల్ ‘లవ్ స్టోరీ’

ప్లాటస్ అను ప్రాచీన రోమకకవి ప్రహసనములను గుఱించి 1968లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమునుండి ‘రోమన్ లాఫ్టర్’ అను విమర్శనగ్రంథ మొకటి వెలువడినది. లాటినుభాష నెఱిఁగినవారు దానిని గౌరవముతోఁ జదివిరి. రెండేండ్లకు, 1970 ఫిబ్రవరిలో, ఆ గ్రంథకర్తయే వ్రాసిన చిన్ననవల యొకటి వెలువడి, ఆ సంవత్సరమున అమెరికాలో నెల్ల నవలలకంటె నెక్కుడుగా నమ్ముడుపోయినది. దాని పేరు ‘లవ్ స్టోరీ’. కర్త, యేల్ విశ్వవిద్యాలయమున గ్రీకులాటిను సాహిత్యములను బోధించుచుండిన ఎరిక్ సీగల్ (1937-2010). మొదటి పుస్తకమును పండితులు చదివిరి. రెండవదానిని విద్యార్థులు చదివిరి. ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చదువు నలవాటు మాత్రము తక్కువ. ఈ వ్యాసమున నేను చేయఁబూనినది యదియే.

పండితలోక మీ నవల నాదరింపలేదు. 1971లో అమెరికా జాతీయగ్రంథబహుమానమునకు దీని పేరు ప్రతిపాదింపఁబడఁగా, నవలాశాఖకు న్యాయనిర్ణేతలుగా నున్నవారు తాము రాజీనామా యిచ్చెదమని పట్టుపట్టిరి, పేరు తొలఁగింపఁబడినది. మొదట చలనచిత్రమునకై వ్రాసిన సంవిధానమును, ఆ చిత్రమునకుఁ బ్రచారముగా నుండునని నిర్మాతలు కోరఁగా నవలగా మార్చిరను సంగతియుఁ దిరస్కారమునకుఁ దోడ్పడినది. కాలేజీ ప్రేమకథ యనఁగనే ముఖము చిట్లించుట మనలోను గలదు, నాకును గలదు. ఐనను, ఒక గ్రంథము లక్షలకొలఁది జనులను ఏడిపించినదని దానిని మెచ్చుట యెట్లు తగదో, ఏడిపించినదని త్రోసివేయుటయు నట్లే తగదు. ఎందుల కేడిపించినదో, ఆ కన్నీటి చాటున నేమి దాఁగినదో విచారించుట విమర్శకుని పని.

కథ కొలఁదిపాటిది. నాయకుఁడు ఆలివర్ బారెట్, ఆ పేరువారిలో నాలుగవవాఁడు, మాసచూసెట్సు రాష్ట్రమునందలి ధనికవంశమువాఁడు, తండ్రి సాహుకారు. హార్వర్డులో నొక భవనమే వీరి వంశమువారి పేరఁ గలదు. నాయిక జెన్నీ కావిలేరి; రోడ్ ఐలండు రాష్ట్రములోని క్రాన్‌స్టన్ పట్టణమున రొట్టెలు కాల్చి యమ్ముకొను ఇటాలియను వంశీయుని కూఁతురు; తల్లి లేనిది; హార్వర్డునకుఁ జేరువనున్న రాడ్‌క్లిఫ్ అను స్త్రీల కళాశాలలో సంగీతము నభ్యసించుచు, గ్రంథాలయమునఁ గొలువుచేసి కొంత సంపాదించుకొనుచున్నది. పరీక్ష ముందునాఁడు ఆలివర్ ఒక పుస్తకమునకై యా గ్రంథాలయమునకు రాఁగా, హార్వర్డుకు స్వంతముగా నంత పెద్ద పుస్తకభాండాగార ముండఁగా మా పుస్తకముపైఁ గన్నేల యని యామె తగవు పెట్టుకొనును. అతఁ డడిగిన పుస్తకము డచ్చిచరిత్రకారుఁడు హయిజింగా మధ్యయుగముల యస్తమయమును గూర్చి వ్రాసినది. అంతస్తుల వ్యవస్థ క్షీణించిన కాలపుఁ జరిత్రను చేతికిచ్చుచు అంతస్తుల ప్రేమకథ నారంభించుట యాదృచ్ఛికము కాకపోవచ్చును.

ఆ తొలి సంభాషణములోనే నాయకుని యింటిపేరు విని జెన్నీ, కవయిత్రి బారెట్టు వంశమా యని యడుగును. ఆంగ్లసాహిత్య మెఱిఁగినవారి కిచట నొక కథ స్ఫురించును. ఎలిజబెత్ బారెట్ అను కవయిత్రి తండ్రి తన బిడ్డలలో నెవ్వరును వివాహమాడరాదని శాసించినవాఁడు. ఆమె 1846లో రాబర్ట్ బ్రౌనింగును రహస్యముగాఁ బెండ్లాడి యిటలీకి వెడలిపోయెను. తండ్రి యామెను జన్మమున క్షమింపలేదు. నవలలోఁ బెండ్లినాఁడు వధువు చదువునదియు నా కవయిత్రి పద్యమే. పేరు మొదలుకొని పెండ్లిమంత్రమువఱకు, తండ్రి శాసనమును ధిక్కరించిన వివాహమును గ్రంథకర్త మనకు జ్ఞాపకము చేయుచునే యున్నాఁడు. ఇది చేయితిరిగిన పండితుని పని. మార్కెట్టుకొఱకు మాత్రమే వ్రాసినవాని పని కాదు.

ఇంక రోమకప్రహసనముల సంగతి. ప్లాటసు, టెరెన్సులు గ్రీకునాటకములనుండి తెచ్చుకొన్న కథలలో నొకానొక బంధము మఱలమఱలఁ గానవచ్చును. సంపన్నుఁడగు గృహస్థు కొడుకు, దిక్కులేనిదో దాసియో వేశ్యయింటఁ బెరిగినదో యగు కన్యను ప్రేమించును. తండ్రి యొప్పుకొనఁడు. చిక్కు ముదిరి ముదిరి, తుదకొక యుంగరమో బొమ్మలపేటికయో బయటపడి, ఆ కన్య గౌరవముగల పౌరుని తప్పిపోయిన బిడ్డయని తేలును. ప్లాటసు ‘రూడెన్సు’లో సముద్రములో దొరకిన పెట్టెలోని చిన్ననాఁటి యాటవస్తువులవలన పలెస్ట్రా తన తండ్రిని జేరును, ‘సిస్టెలారియా’కు ఆ చిన్నపేటికయే పేరైనది. టెరెన్సు క్రీ. పూ. 166లో ప్రదర్శించిన ‘ఆండ్రియా’ యన్నిటికంటె వింత. సైమో తన కొడుకునకు క్రెమీసు కూఁతునిఁ జేయఁగోరును. కొడుకు అనాథయైన గ్లిసీరియమును వలచెను. తుదకు గ్లిసీరియమే క్రెమీసునకుఁ దప్పిపోయిన పెద్దకూఁతురని తేలును. తండ్రి కోరినది క్రెమీసు కూఁతురు. కొడుకు పెండ్లాడినదియు క్రెమీసు కూఁతురే!

మన పండితుల కిది క్రొత్త కాదు. మాళవిక రాణి కొలువులో పరిచారిక; తుదకు విదర్భరాజపుత్త్రి. శ్రీహర్షుని సాగరిక అంతఃపురమునఁ జెలికత్తె; తుదకు సింహళేశ్వరుని కూఁతురు రత్నావళి. ఎల్లెడల నిది ప్రత్యభిజ్ఞానము. అనఁగా నెఱుఁగనిదాని నెఱిఁగినదానిగా గుర్తుపట్టుట. దీనియందుఁ జమత్కారము గలదు, సందేహము లేదు. కాని లోఁతుగాఁ జూచినచో నిది లోకమునకుఁ గవి చూపు మర్యాద. గోడ దూఁకినట్లే కనఁబడును; తీరా చూడఁగా నచ్చట గోడయే లేదు. శూద్రకుఁ డొక్కఁడు మాత్రము వేఱు త్రోవ త్రొక్కెను. వసంతసేన గణికయే; ఆమెకుఁ బూర్వజన్మము వెదకిపెట్టలేదు; రాజ్యమే మాఱి, క్రొత్తరాజగు ఆర్యకుఁ డామెకు వధూశబ్దమును ప్రసాదించెను. కన్య కులము మాఱలేదు, రాజు మాఱినాఁడు. సాహిత్యమున నిట్టి తెగువ యరుదు.

ఈ తూనికలతో సీగలు నవలను తూఁచినప్పుడు మొదట మెచ్చుకోఁదగినది స్పష్టముగాఁ గనఁబడును. జెన్నీ రొట్టెలవాని కూఁతురుగానే మొదలై రొట్టెలవాని కూఁతురుగానే ముగియును. పేటిక లేదు, ఉంగరము లేదు, కుబేరుఁడగు మేనమామ లేఁడు. ప్రత్యభిజ్ఞానముల మర్మము నిండారఁ దెలిసినవాఁడై యుండియు సీగలు దాని నుపయోగింపలేదు. తండ్రిని దుష్టునిగాఁ జిత్రింపకుండుటయు నొక గుణము. పెద్దబారెట్టు కొడుకు హాకీపందెములు చూచుటకు దూరములు ప్రయాణముచేసి వచ్చువాఁడు. గాయపడిన కొడుకును బరామర్శించువాఁడు. చదువు ముగియువఱకు పెండ్లి నాఁపుమనుటయే యతని షరతు. ఆలివర్ ఆతని నెప్పుడును ‘అయ్యా’ యని సంబోధించును గాని నాన్నా యనఁడు. అదే జెన్నీ తన తండ్రిని ఫిల్ అని పేరుపెట్టి పిలుచును! అది విన్న ఆలివర్ తత్తఱపాటు నవలలోని మేలైన హాస్యములలో నొకటి. ఆ యింట బిడ్డ తండ్రిని పేరుపెట్టి పిలుచుట చనువు. ఈ యింట ‘అయ్యా’ యనుట దూరము. అంతస్తుల భేదమును బంగారముతోను భవనములతోను గాక పిలుపులతోఁ జూపుట యుచితజ్ఞత.

ధనమును గూర్చిన ఘట్టములు నవలకుఁ బ్రాణము. వీనినిఁ జదివినవారు త్వరగా మఱచెదరు. జెన్నీకిఁ బారిసునగరమున నాదియా బూలాంజే యను ప్రసిద్ధురాలికడ సంగీతము నేర్చుకొను నవకాశము లభించినది. పెండ్లికొఱకు దానిని వదలినది. తండ్రితోఁ దెగఁద్రెంచుకొన్న ఆలివర్ న్యాయశాస్త్రకళాశాల యధ్యక్షుని కడకుఁ బోయి విద్యార్థివేతన మడుగును. కోటీశ్వరుని కొడుకునకు బీదల సొమ్మెట్లిత్తునని యాయన నిరాకరించును. ఈ ఘట్టము చిన్నది, కాని యథార్థమైనది. ధనికుఁడు ధనమును వదలినను ధనము వానిని వదలదు. వానిపేరే వాని యాస్తి. ఆ నిరాకరణము ఫలమెవ్వరికి? జెన్నీ పాఠశాలలోఁ బంతులమ్మగాఁ జేరి మూఁడేండ్లు భర్తను జదివించినది. అతఁడు తరగతిలో మూఁడవవాఁడై యుత్తీర్ణుఁడయ్యెను. న్యూయార్కులో మంచి కొలువు దొరకినది. ధిక్కారము పురుషునిది, దాని మూల్యము స్త్రీది. ఈ లెక్క నవలలో నున్నది గాని, లెక్క కట్టినవారు లేరు. కథ చెప్పువాఁడు ఆలివరే యగుటచే జెన్నీ పియానో యేమయ్యెనో, ఆమె మనసులోఁ బారిసు నగర మెన్నాళ్లుండెనో మనకుఁ దెలియు దారి లేదు. ఆమె హాస్యపుమాటలు మాత్రమే మనచెవినిఁ బడును. ఆ మాటలలో నక్కడక్కడ గ్రామ్యత గలదు. పాత్రోచితమగుటచే నది దోషము కాదనియే నా మతము.

ఇప్పుడు ‘రోమన్ లాఫ్టర్’ను దెఱతము. అందు సీగలు సిద్ధాంతమిది. రోమకులకుఁ బితృభక్తి పరమధర్మము. ఇంట తండ్రి మాటకు మాఱుమాట లేదు. ఐనఁ బ్లాటసు రంగమున కొడుకులు తండ్రులను వంచింతురు, దాసులు ప్రభువులను బరిహసింతురు. ఇది యెట్లు సహింపఁబడినది? ఆ ప్రదర్శనములు పండుగనాళ్లలో జరిగెడివి గనుక. పండుగనాఁడు లోకము తలక్రిందులగును, అందుచేతనే నవ్వు. తెల్లవాఱిన పిమ్మట తండ్రి తండ్రియే, దాసుఁడు దాసుఁడే. ధిక్కారమునకు గడువు కలదు.

‘లవ్ స్టోరీ’ని ఈ సూత్రముతోఁ బరిశీలించిన, ఆలివర్ వివాహ మొక దీర్ఘమైన పండుగగాఁ గనఁబడును. కొడుకు తండ్రి నెదిరించినాఁడు, ధనము వలదన్నాఁడు, ఇఱుకుగదులలోఁ గాపురము చేసినాఁడు. అంతట కడగండ్లును గడచినవి. న్యూయార్కు కొలువుతో బీదతనము తీఱినది. సరిగా నచటనే యసలు ప్రశ్న యారంభము కావలసియుండెను. రొట్టెలవాని కూఁతురును బారెట్టు వంశమును ఒక్క పంక్తిని గూర్చుండఁగలవా? వారి బిడ్డ ఐదవ ఆలివరగునా, లేక ఫిల్ మనుమఁడగునా? సంతానముకొఱకు వారు వైద్యుని కడకుఁ బోవుటవఱకు కవి మనలను దెచ్చెను. అచట వైద్యుఁడు జెన్నీకి మృత్యురోగమని చెప్పును. ప్రశ్న పుట్టకమున్నే మృతిచెందినది. ఆమెకు ఇరువదియైదేండ్లకు మించలేదు. పూర్వకవులు కన్యకుఁ గులము వెదకిపెట్టి చిక్కు విప్పిరి. ఈ కవి కన్యనే తొలఁగించి చిక్కు విప్పెను. ప్రత్యభిజ్ఞానము చేయు పనినే యిచ్చట రక్తవ్యాధి చేయుచున్నది. నవలను గూర్చి నాకుఁ గల ప్రధానమైన యాక్షేప మిదియే, ఏడిపించుట కాదు.

రసమును గూర్చి రెండు మాటలు. నాయిక మృతిని మొదటివాక్యముననే చెప్పుటచే శృంగారమునకంతకును శోకచ్ఛాయ పఱచుకొన్నది. పునస్సమాగమమున కాశ యున్నప్పుడే కరుణవిప్రలంభమని విశ్వనాథుఁడు నిర్ణయించెను. కాదంబరిలోఁ బుండరీకుని మృతి యట్టిది. ఇచ్చట నాశ లేదు, కావున శుద్ధకరుణమే. ఆరంభముననే చెప్పుట సాహసమేగాని, దానివలన నొక నష్టము గలదు: దంపతుల కలహములుగూడఁ బాఠకునకు ముద్దుగాఁ దోఁచును, చనిపోవుదానితో నెవ్వఁడు తగవులాడును? విమర్శబుద్ధి ముందే చేతులు కట్టుకొనును.

ఆ కలహములలో ముఖ్యమైనది తండ్రి షష్టిపూర్తి సందర్భమునఁ గలిగినది. ఆహ్వానపత్రిక రాఁగా ఆలివర్ పోననును. జెన్నీ టెలిఫోనులో మామగారితో మాటలాడి, ఒక్కమాట పలుకుమని భర్తను బ్రతిమాలును. అతఁడు మండిపడి యామెను దూలనాడఁగా, ఆమె యిల్లు వెడలిపోవును, రాత్రియంతయు వెదకి యలసివచ్చిన యతనికి మెట్లపైఁ జలిలో గూర్చుండి కనఁబడును, తాళపుచెవి మఱచిపోయినదఁట. అప్పుడే ప్రేమకును క్షమాపణమునకును గల సంబంధమును గూర్చి లోకప్రసిద్ధమైన యా చిన్నమాటను పలుకును. ఆ మాటను విడిగాఁ దీసి యెందఱో పరిహసించిరి. సందర్భములోఁ జూచిన నది సూక్తి కాదు. అలసిన ఆలి భర్తకు నేరము మాపు చేయుట. తప్పు చేసినవాఁడు చెప్పవలసిన మాటను సయితము చెప్పనీయకుండ నతని భారము తానే మోసినది.

దీనికంటెను గఠినమైన ఘట్టము వేఱొకటి. చికిత్సకై ధనము కావలసి ఆలివర్ తండ్రి కడకుఁ బోయి ఐదువేల డాలరులడుగును, కారణము చెప్పఁడు. ఏదో పరస్త్రీతోఁ జిక్కు వచ్చినదా యని తండ్రి యడుగఁగా నౌనని యూరకుండును. తండ్రి చెక్కు వ్రాసి యిచ్చును. అభిమానవంతుఁడైన కొడుకు, తన పెండ్లాము మరణశయ్యపై నుండఁగా, ఆమె పేరు చెప్పి యాచించుటకంటె నామెను వంచించినవాఁడనిపించుకొనుట మేలనుకొన్నాఁడు. ఇచ్చట జెన్నీకిఁ గలిగిన యవమానమును గ్రంథకర్త గుర్తించినట్లు తోఁపదు. ఆలివర్ త్యాగముగానే యది చిత్రింపఁబడినది. తండ్రికొడుకుల పంతములో నామె పేరుగూడ పణమైనది.

కడపటి పుటలో, సత్యము తెలిసి వైద్యశాలకుఁ బరుగెత్తి వచ్చిన తండ్రి తన విచారము తెలుపఁగా, జెన్నీ చెప్పిన యా మాటనే ఆలివర్ తండ్రితోఁ జెప్పి, ఆతని చేతులలో నెన్నఁడు నేడ్వనివాఁ డేడ్చును. 1970 డిసెంబరులో వచ్చిన చలనచిత్రమున నిట్లు లేదు. అందు కొడుకు మాట చెప్పి తండ్రిని దాఁటి నడచిపోవును. ఒక్క కవి వ్రాసిన రెండు ముగింపులివి. చిత్రమున ధిక్కారము నిలిచినది. నవలలోఁ బండుగ ముగిసినది. ప్లాటసు నెఱిఁగిన సీగలునకు నవలలోని ముగింపే సహజమని నా యూహ. 1977లో వెలువడిన తరువాయిభాగము ‘ఆలివర్స్ స్టోరీ’యందు నాయకుఁడు ధనికురాలగు వేఱొక స్త్రీని జేరి విడిపోయి, తుదకుఁ గుటుంబవ్యాపారమునకే మరలుట యీ యూహకు బలము.

వసంతసేనకొఱకు రాజు మాఱినాఁడు. జెన్నీకొఱకు బారెట్టుల యింట నేమి మాఱినది? తండ్రి యొకసారి వగచినాఁడు, కొడు కొకసారి యేడ్చినాఁడు. ఆ యాలింగనము హృదయద్రావకము కాదని నే ననను; నేనును జదివి కన్నులు తుడుచుకొన్నవాఁడనే. కాని యా వైద్యశాలలోనే మఱియొక తండ్రి కలఁడు. పెండ్లాము పోయినవాఁడు, ఇప్పుడు కూఁతురు పోయినది. అల్లునికొఱకు ధైర్యముగా నుండెదనని మరణించుచున్న కూఁతున కతఁడు మాట యిచ్చియున్నాఁడు. అందువలన నేడ్చుటకును వీలులేక లోపల నున్నాఁడు. ఆలివర్ గాలికై వాకిటికి వచ్చినాఁడు. వాకిట పెద్దబారెట్టు గలిసినాఁడు. పుస్తక మక్కడ ముగిసినది. లోపల నున్న ఫిల్ కావిలేరి కడకు మరలిపోవుట కింకొక పుట లేదు.